డీజిల్‌కు తొమ్మిది పేర్లు

ఎబినేజర్ నా దగ్గర ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇంగ్లీషు చదువుకున్నాడు. ఆ సంగతి అతడు ఊరంతా చెప్పుకొంటాడు. నేను ఎవరికీ చెప్పను.

అమలాపురం బస్టాండుకు కాస్త అవతల, మందుల దుకాణం మీది అంతస్తులో అతడికి ఒక శిక్షణ కేంద్రం ఉంది. హెవీ లైసెన్సు ఉన్నవారిని యూరప్‌లోని లారీ కంపెనీలకు పంపిస్తానని మెట్ల పక్క గోడ మీద రాయించుకున్నాడు. మా కోనసీమ నుంచి మనుషులు కువైట్‌కు వెళ్ళడం కొత్త కాదు, పోలండ్‌కు వెళ్ళడం కొత్త. కొత్త విషయం ఎవరికీ తెలియదు కాబట్టి, తెలిసినట్టు మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది. ఎబినేజర్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్న విద్య అదొక్కటే.

ఒక ఉదయం అతడు యాపిల్ పళ్ళ సంచితో మా ఇంటికి వచ్చాడు. సంచిని గడప దగ్గరే పెట్టించి, వచ్చిన పని చెప్పమన్నాను.

“ఏం లేదండీ టీచరుగారూ. పోలండ్ కంపెనీవాళ్ళు మన మొదటి బ్యాచ్‌ని ఇంటర్వ్యూలో కొట్టేసేరండి. డీజిలు పేర్లు అడుగుతున్నారండి.”

“డీజిల్‌కు పేర్లేమిటి?”

“నేనూ అదే అన్నానండి. వాళ్ళ లారీ పోలండ్‌లో బయల్దేరి స్పెయిన్ దాకా వెళ్తాదంటండి. దారిలో దేశానికో పేరంట. అక్కడ బంకుల్లో మనకిలాగ పోసేవాళ్ళెవరూ ఉండరంటండి, డ్రైవరే దిగి పట్టుకోవాలంట. మొన్నామధ్య ఎవడో డీజిలు లారీలో పెట్రోలు పట్టేసేడంట, ఇంజను మొత్తం పోయిందంట. అప్పట్నుంచీ ప్రతివాణ్ణీ ఇదే అడుగుతున్నారండి.”

“మరి నువ్వేం నేర్పావు వాళ్ళకు?”

“గ్యాస్ అనమన్నానండి. ఫారిన్‌లో అంతా గ్యాసే కదండీ? సినిమాల్లో చూస్తాం కదా.”

అమెరికావాళ్ళు ఆ మాట వాడతారు, అదీ పెట్రోల్‌కు. అమెరికాకూ యూరప్‌కూ మధ్య ఒక మహాసముద్రం ఉందని ఇతడికి ఎనిమిదో తరగతిలో పటం మీద బెత్తం పెట్టి చూపించాను. కుటుంబాలున్న మనుషుల చేత, లైసెన్సులున్న మనుషుల చేత ఆ ఒక్క ముక్క చెప్పించి, అంత పెద్ద లారీలు వాళ్ళ చేతికిస్తారని నమ్మించాడు. ఆ తరువాత వాళ్ళే తెలివితక్కువ వాళ్ళని చెప్పుకొంటాడు. నాకు ఒళ్ళు మండింది.

“ఇప్పుడు కొత్త బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు?”

“నలుగురు మగాళ్ళండి. ఏంజెల్ కూడా ఉందండి, మన దానంగారి అమ్మాయి. లేడీ డ్రైవరంటే కంపెనీకి మోజు కదండీ.”

“అయిదుగురినీ ఇంటర్వ్యూకు కూర్చోబెడతావా?”

“ఆయ్. ప్రభువు తోడండి.”

“ప్రభువును ఇందులోకి లాగకు. నీ మాట చెప్పు.”

“కూర్చోబెడతానండి.”

ఆ మాట మీద నేను పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను.

ఏంజెల్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె తండ్రి దానం, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుంచి ఉత్తరాదికి కాయలు తోలే లారీకి డ్రైవరు. తల్లి లేని పిల్ల కావడంతో సెలవులన్నీ అతడి పక్కన క్లీనరు సీట్లోనే గడిపింది. తండ్రి చూపు మందగించాక అదే లారీ తాను నడిపింది. కానీ లారీ యజమాని ఆమెను హైవే మీది జొన్నాడ దాటనివ్వలేదు. రాత్రివేళ దారిలో బండి ఆపుకొని ఆడది ఒంటరిగా క్యాబిన్‌లో పడుకుంటే తన పరువు పోతుందన్నాడు. పడుకునేది ఆమె అయితే పోయేది ఆయన పరువు ఎలా అయిందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే ట్రిప్పులే ఆమెకు రాసిపెట్టాడు.

“జొన్నాడ దగ్గర హైవే మీద లారీలు వెళ్తుంటాయి కదండీ టీచరుగారూ,” అని ఒకసారి నాతో అంది. “వాటెనకాలే పోవాలనిపిస్తాదండి. అక్కణ్ణుంచే తిప్పుకొచ్చేస్తానండి.”

పాఠాలు మా వరండాలో జరిగాయి. క్రాంతికుమార్, శ్యామ్ బాబు, శివనాగరాజు, బుల్లబ్బాయి ఒక బల్ల మీద, ఏంజెల్ విడిగా కుర్చీలో కూర్చునేవారు. ఇలాంటి పాఠం నాకు కొత్త కాదు. చిన్ననాడు మా కాన్వెంటులో ఒక జీపు ఉండేది. మదర్ సుపీరియర్ ఫ్రెంచి దేశస్థురాలు, ఆమె అందులో ‘ఎసాన్స్’ పోయించమనేది. వంటశాల చూసే సిస్టరు ఇటలీ నుంచి వచ్చింది, ఆమె నోట అది ‘బెంజీనా’. లెక్కలు చెప్పే ఐర్లండు సిస్టరుకు అది ‘పెట్రోల్’. డ్రైవరు ముసలయ్య ముగ్గురికీ ‘అలాగేనమ్మా’ అని చెప్పి, ఒకే బంకుకు వెళ్ళి ఒకే నూనె పోయించుకొచ్చేవాడు. ముసలయ్యకు ఆ సౌకర్యం ఉండేది, ఈ అయిదుగురికీ లేదు. అందువల్ల నిఘంటువులు ముందు పెట్టుకొని, ఆయా దేశాలవారి ఉచ్చారణ ఫోనులో విని సరిచూసుకొని, మా సిస్టర్లు జపం నేర్పించినట్టు నేర్పించాను. నేను దేశం పేరు చెప్పాలి, వాళ్ళు డీజిల్ పేరు చెప్పాలి.

“పోలండ్?”

“ఒలెయ్ నపెన్‌దోవె.”

“జర్మనీ?”

“డీజిలేనండి. వాళ్ళు మంచోళ్ళండి,” అన్నాడు బుల్లబ్బాయి.

చెక్ దేశంలో నాఫ్తా, హంగరీలో గాజొలాయ్, రుమేనియాలో మోటోరీనా, ఫ్రాన్సులో గాజోల్, ఇటలీలో గజోలియో. స్పెయిన్‌లో డీజిల్ గసోలెయో, పెట్రోల్ గసోలీనా. ఈ రెంటి దగ్గరే లారీలు పాడయ్యేది. గ్రీసు అన్నిటికంటే ప్రమాదం. అక్కడ పెట్రేలెయో అంటే డీజిల్, మన పెట్రోల్‌ను వాళ్ళు వెంజీనీ అంటారు.

“ఒక్క డీజిలుకి ఇన్ని పేర్లేంటండీ?” అని బుల్లబ్బాయి తల పట్టుకున్నాడు. “మా ఆవిడకి ఆధార్ కార్డులో ఒకటీ, రేషను కార్డులో ఒకటీ రెండు పేర్లుంటేనే ఆఫీసు చుట్టూ తిప్పేరండి. దీనికి తొమ్మిదా?”

“ఇన్నేళ్ళ సర్వీసండి నాది,” అని క్రాంతికుమార్ గొణిగాడు. “పిల్లల్లాగ బట్టీ పట్టాలా?”

“ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీ చేత్తో నువ్వు డీజిల్ పోసుకున్నావా?” అని అడిగాను.

మన దగ్గర డ్రైవరు సీట్లోంచి దిగకుండా ‘ఫుల్ చెయ్’ అంటాడు, అంతే.

పేరు గుర్తుకు రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాను. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పంపుల మీద పెట్రోల్‌కు గుండ్రటి గుర్తు, డీజిల్‌కు చతురస్రం ఉంటాయి. కొత్త బండ్లలో ట్యాంకు మూత దగ్గరా అదే గుర్తు వేస్తారు. గుర్తు కలవకపోతే పోయవద్దు, ఎవరినైనా అడగండి అన్నాను. ఏంజెల్ ఒక్కతే అది రాసుకుంది. మగవాళ్ళకు ‘అడగండి’ అన్న మాట రుచించలేదు.

చివరి వారానికి ఏంజెల్ తొమ్మిదీ తడుముకోకుండా చెప్పేది. ఆమెకు జ్ఞాపకశక్తి అలవాటైన పని. వాళ్ళ పేట చర్చిలో ప్రతి క్రిస్మస్‌కు నాటకం వేస్తారు, దాన్ని నడిపించేది ఎబినేజరే. ఆ నాటకానికి ఏటేటా తెర పక్కన నిలబడి మాటలు అందించేది ఏంజెల్. వేషం ఎందుకివ్వరని నేను ఒకసారి అడిగాను. ఆడవేషం మరియమ్మదొక్కటే, అది చిన్నపిల్లలకే ఇవ్వాలి అన్నారు. హేరోదు రాజు, ముగ్గురు జ్ఞానులు, గొల్లలు, చివరికి గాడిద కూడా మగవాళ్ళే. వాళ్ళెవరికీ మాటలు రావు. ఒక్కొక్కడూ రంగస్థలం మీద చేతులు ఊపుతూ, ఏంజెల్ గుసగుసగా అందించిన మాటను పెద్ద గొంతుతో అని చప్పట్లు కొట్టించుకొంటాడు. ఊరికి ఇందులో తప్పు కనిపించదు.

ఇంటర్వ్యూ రోజున వచ్చి ప్రార్థన చేయమని ఎబినేజర్ నన్ను పిలిచాడు. వెళ్ళాను. అతడి కేంద్రంలో ముందు గది, దాని వెనుక ఇంటర్వ్యూ గది, ఆ గదికి ఒక పక్కన కాగితాలూ చీపుర్లూ పెట్టుకునే చిన్న కొట్టు ఉన్నాయి. కొట్టుకూ ఇంటర్వ్యూ గదికీ మధ్య తలుపు లేదు, తెర మాత్రం వేలాడుతోంది. కంపెనీ తరఫున మార్తా అనే పోలండ్ ఆమె ల్యాప్‌టాప్‌లోంచి మాట్లాడుతుంది. చెవుల్లో ఏమీ పెట్టుకోకూడదు, బల్ల మీద కాగితం ఉండకూడదు, గది చుట్టూ కెమెరా తిప్పి చూపించాలి అని ఆమె షరతులు పెట్టింది. ఎబినేజర్ అన్నీ తిప్పి చూపించాడు. తెర, తెరలాగే కనిపించి ఉంటుంది.

ప్రార్థన ముగించి నేను ముందు గదిలో కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉండడం వల్ల లోపలి మాటలు వినిపిస్తున్నాయి. ముందు క్రాంతికుమార్ వెళ్ళాడు. అంతకుముందు రోజు సగం పేర్ల దగ్గర ఆగిపోయిన మనిషి తొమ్మిదీ చెప్పాడు. రాత్రంతా చదివి ఉంటాడని సంతోషించాను. శ్యామ్ బాబు చెప్పాడు, శివనాగరాజు చెప్పాడు. ఫ్యాను పెద్దగా తిరుగుతోంది, ప్రతి జవాబుకూ ముందు ఒక చిన్న విరామం వస్తోంది. తరువాత బుల్లబ్బాయి వెళ్ళాడు. హంగరీ పేరు ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేకపోయిన బుల్లబ్బాయి ‘గాజొలాయ్’ అన్నాడు. మొదటి అక్షరాన్ని సాగదీసి, చివర తేల్చి అన్నాడు. అలా పలికేది ఏంజెల్. ముందు గదిలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

“ఏంజెల్ ఏది?” అని ఎబినేజర్‌ను అడిగాను.

“లోపల ప్రార్థన చేసుకుంటోందండి.”

“తరువాత ఆమె వంతేనా?”

అతడు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. “టీచరుగారూ, మీరు కోప్పడకూడదండి. కంపెనీకి నలుగురి పేర్లే పంపేనండి. ఆడపిల్లని లారీ ఎక్కించి దేశాలు తిప్పేడని రేపు చర్చిలో నన్ను నిలదీస్తారండి. మగపిల్లలకి సంసారాలున్నాయి కదండీ. ఏంజెల్‌కి నేను తరవాత చెప్పుకుంటానండి. మంచి పిల్ల, అర్థం చేసుకుంటాది.”

“నాకు మాటిచ్చావు.”

“ఇచ్చేనండి. పరిస్థితులు చూడాలి కదండీ.”

“ఆమెకు కూడా మాటిచ్చి తెర వెనుక కూర్చోబెట్టావు. అవునా?”

“నలుగురికీ సాయం చేస్తోందండి. అందులో తప్పేంటండీ? నాటకంలో చెయ్యట్లేదా?”

నేను లేచాను. కొట్టులోకి కేంద్రం బయటి వరండా వైపు నుంచి ఇంకొక తలుపు ఉంది. తోసుకొని లోపలికి వెళ్ళాను. చీపుర్ల మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద ఏంజెల్ ముందుకు వంగి కూర్చుని ఉంది. తెరకు అవతల, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో, బుల్లబ్బాయి వీపు.

“లే,” అన్నాను ఆమె చెవి దగ్గర. “నీ పేరు కంపెనీకి పంపలేదు. ఇప్పుడే నాతో వాడే చెప్పాడు. నీ వంతు రాదు.”

ఆమె నా వైపు చూసింది. ఆ ముఖం వర్ణించే శక్తి నాకు లేదు, ఆ ప్రయత్నమూ చేయను. అవతల మార్తా గ్రీసు అడుగుతోంది.

“ఒక్క నిమిషం టీచరుగారండీ,” అని ఏంజెల్ పెదవులు కదిపింది. “మధ్యలో వదిలేస్తే బుల్లబ్బాయి అన్నయ్య పడిపోతాడండి.” తెర వైపు తిరిగి, ‘పెట్రేలెయో’ అని అందించింది.

“పెట్రేలెయో!” అన్నాడు బుల్లబ్బాయి.

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. తనను వెనక్కు నెట్టిన మనుషుల కోసం ఇంకా మాట అందిస్తోంది!

మార్తా చివరి ప్రశ్న వేసింది. పంపు మీద నువ్వు ఎన్నడూ చూడని మాట ఉంది, అప్పుడేం చేస్తావు అని. నేను చెప్పిన పాఠమే. ఏంజెల్ నోరు తెరిచింది. అప్పటికి నా మాట ఆమె లోపలికి దిగిందనుకుంటాను. తెరిచిన నోరు మళ్ళీ మూసుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఫ్యాను తిరుగుతోంది. బుల్లబ్బాయి కాసేపు గంభీరంగా ఆలోచిస్తున్నట్టు తల ఊపాడు. మాట రాకపోతే మా వాళ్ళు రంగస్థలం మీద ఏం చేస్తారో అదే చేశాడు. పక్కకు ఒరిగి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి, తెర వైపు వంగాడు.

“చెల్లెమ్మా, అందించవేంటి! ఆవిడ చూస్తోంది!”

మార్తాకు తెలుగు రాదు. కానీ కళ్ళున్నాయి. “అక్కడ ఎవరున్నారు?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఎబినేజర్ పరుగెత్తుకొచ్చాడు. “పక్కింటి టీవీ మేడమ్, పక్కింటి టీవీ!” అంటూ ల్యాప్‌టాప్ మూయబోయాడు. నేను తెరను ఒక పక్కకు లాగి బయటకు వచ్చి, ల్యాప్‌టాప్ మూత పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

“చెయ్యి తీయండి టీచరుగారూ, అందరూ పోతారండి!”

“పోనీ.”

తెర వెనుక స్టూలు మీద ఏంజెల్ మార్తాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఎవరూ మరొక అబద్ధం ఆడేలోగా నేను ఇంగ్లీషులో చెప్పాను: “అమ్మా, నేను వీళ్ళ టీచర్ని. ఈ ఉదయం నుంచి నీకు వచ్చిన జవాబులన్నీ ఈ అమ్మాయివి. ఈమెకు హెవీ లైసెన్సు ఉంది, ఏళ్ళ తరబడి లారీ నడిపింది. ఇంటర్వ్యూ చేయిస్తానని పిలిచి ఇక్కడ కూర్చోబెట్టారు. పేరు మాత్రం నీకు పంపలేదు.”

మార్తా కటువుగా అంది: “ఈ రోజు ఇంటర్వ్యూలు చెల్లవు. ఆ అమ్మాయి కూడా మోసంలో భాగస్వామే. ఆమెను మాత్రం ఎందుకు తీసుకోవాలి?”

ఇది నేను ఎదురుచూడని ప్రశ్న. అన్యాయం జరిగింది ఆమెకు కదా అని అరవబోయాను. కానీ ప్రశ్న న్యాయమైనదే. నేను తరగతిలో కాపీ కొట్టినవాడినీ, కొట్టనిచ్చినవాడినీ ఒకే బెత్తంతో కొట్టినదాన్ని.

ఏంజెల్ లేచి వచ్చి కెమెరా ముందు నిలబడింది. నేను నేర్పిన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా కూడదీసుకొని చెప్పింది: “తప్పని తెలుసు మేడమ్. అయినా చేశాను. నా వంతు చివర వస్తుందని చెప్పారు. నాకు ఆ వంతు కావాలి.”

మార్తా ఎబినేజర్‌ను పిలిచింది. “ఈమె పేరు ఎందుకు పంపలేదు?”

“సేఫ్టీ మేడమ్. లేడీ కదా మేడమ్. మా కల్చర్...”

“మా కంపెనీలో ఆడ డ్రైవర్లు ఉన్నారు. ఆ నిర్ణయం తీసుకోమని నిన్ను ఎవరు అడిగారు?”

ఎబినేజర్ ల్యాప్‌టాప్ మీది చెయ్యి తీసి వెనక్కు జరిగాడు.

వారం గడిచాక అయిదుగురికీ మళ్ళీ ఇంటర్వ్యూ పెడతాననీ, ఏజెంటు కార్యాలయంలో మాత్రం పెట్టననీ, నా ఇంట్లో, నా కాపలాలో జరగాలనీ మార్తా చెప్పింది. నేను సరేనన్నాను. ఏంజెల్ పూర్తి పేరు, లైసెన్సు వివరాలు ఎబినేజర్ చేతే అక్కడికక్కడ టైపు చేయించి పంపించాను.

మెట్ల మీద క్రాంతికుమార్ నాకు అడ్డం నిలబడ్డాడు. “మీ న్యాయం మీ దగ్గరే ఉంచుకోండి టీచరుగారూ. నోటికాడ కూడు తీసేసేరు.”

“అది నీ సొంత జవాబుకు పెట్టిన కూడు కాదు.”

“మీకు పెన్షనొస్తాది కాబట్టి చెప్తారండి.”

ఆ మాట తగిలింది. తగిలినా నా మాట మార్చుకోలేదు. స్పెయిన్‌లో ఏ బంకులోనో ఇతడు గసోలీనా పట్టి, ఆ లారీకి బాధ్యుడై, పరాయి దేశపు రోడ్డు మీద నిలబడ్డ రోజున తెర వెనుక నుంచి ఎవరూ అందించరు. ఆ సంగతి చెప్పాను. అతడు వినలేదు. శ్యామ్ బాబు అతడి వెంటే వెళ్ళిపోయాడు.

బుల్లబ్బాయి మాత్రం కింద నిలబడి ఏంజెల్‌ను చూస్తూ అన్నాడు. “నీ పేరు రాయలేదని నాకు తెలీదు చెల్లెమ్మా. ఒట్టు. తెలిస్తే...”

“తెలిస్తే ఏం చేసేవాడివి అన్నయ్యా?”

అతడు ఆలోచించాడు. “ఏమోనమ్మా. వెళ్ళి కూర్చునేవాణ్ణేమో.”

“నేనూ అంతేలే,” అంది ఏంజెల్. “అందించేదాన్నేమో.”

మా ఇంట్లో రెండో ఇంటర్వ్యూకు ముగ్గురే వచ్చారు. క్రాంతికుమార్, శ్యామ్ బాబు రాలేదు. నా సహాయం లేకుండానే వేరే ఏజెంటును చూసుకుంటామని కబురు పెట్టారు. హాల్లో ఉన్న కర్టెన్లన్నీ నేను ముందుగానే తీయించాను. శివనాగరాజు రెండు పేర్లు తప్పినా, తెలియకపోతే బంకు మనిషిని అడుగుతానని నిజాయితీగా చెప్పి గట్టెక్కాడు. బుల్లబ్బాయి నాలుగో పేరు దగ్గర ఆగి, అలవాటుగా పక్కకు తిరిగి, అక్కడ కిటికీ తప్ప ఏమీ లేకపోవడం చూసి నవ్వేశాడు. “నా వల్ల కాదు మేడమ్, థాంక్యూ,” అని లేచాడు. అతణ్ణి నేను ఆ పూట గౌరవించాను.

చివర ఏంజెల్ కూర్చుంది. మార్తా ఆమెను అందరికంటే ఎక్కువసేపు అడిగింది, అందరికంటే కఠినంగా అడిగింది. పేర్లు ముందునుంచి అడిగింది, వెనుకనుంచి అడిగింది, డీజిల్ వదిలి పెట్రోల్ పేర్లు అడిగింది. తెలియని మాట ఎదురైతే అన్న ప్రశ్న మళ్ళీ వేసింది.

“గుర్తు చూస్తాను మేడమ్. గుర్తు కలవకపోతే పోయను. అడుగుతాను. అడిగేవాళ్ళు లేకపోతే, వచ్చేదాకా ఆగుతాను.”

“లారీ ఆలస్యమైతే?”

“ఆలస్యానికి మాట పడతాను మేడమ్. ఇంజనుకి పడలేను.”

మార్తా ఏదో రాసుకుంది. “వారాల తరబడి రాత్రుళ్ళు క్యాబిన్‌లో ఒంటరిగా పడుకోవాలి. తెలుసా?”

“తలుపుకి లోపల్నుంచి గడియ ఉంటుందా మేడమ్?”

“ఉంటుంది.”

“అయితే ఇబ్బంది లేదు.”

హైదరాబాదులో డ్రైవింగు పరీక్షకు రమ్మని ఏంజెల్‌కూ శివనాగరాజుకూ ఆ సాయంత్రమే కబురు వచ్చింది. ఏంజెల్ ఫోను నాకు చూపించి, నా కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయింది. “నాన్నకి చెప్పాలండి,” అని లేచి వెళ్ళింది.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే నాకూ బాగుండేది.

హైదరాబాదు పరీక్షకు బయల్దేరే రోజు పొద్దున ఆమెను బస్సు ఎక్కించడానికి బస్టాండుకు వెళ్ళాను. పరీక్ష ఇంకా జరగకుండానే, ఎదురుగా రెండు కరెంటు స్తంభాల మధ్య కొత్త ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో ఎబినేజర్ నిలువెత్తున శాలువాతో నమస్కరిస్తున్నాడు. అతడి మోచేతి కింద, పాస్‌పోర్టు ఫోటో అంత, ఏంజెల్. ‘యూరప్ రహదారులపై మన కోనసీమ ఆడపడుచు. తెర వెనుక నుంచి తీర్చిదిద్దిన శిల్పి శ్రీ ఎబినేజర్ గారికి శుభాకాంక్షలు.’ కింద వరుసగా అభినందించేవారి ముఖాలు. అందులో లారీ యజమాని కూడా ఉన్నాడు. జొన్నాడ దాటనివ్వని మనిషి!

ఎబినేజరే అక్కడున్నాడు, ఫోటో తీయించుకోవడానికి. చేతిలో శాలువా.

“అమ్మా ఏంజెల్, ఒక్కసారి ఇలా రామ్మా. టీచరుగారండీ, మీరు కూడా. ఒక్క ఫోటో.”

“ఎబినేజర్, ఇది దించు.”

“ఏంటండీ అలాగంటారు! ఎంత మంచి పేరండీ పిల్లకి! నలుగురు ఆడపిల్లలు చూసి బాగుపడతారు కదండీ.”

“ఆమెకు నువ్వు చేసిందేమిటో రాయించు, అప్పుడు ఉంచు.”

“జరిగిపోయింది కదండీ. చివరికి నా ద్వారానే కదండీ వెళ్తోంది.”

నా గొంతు లేచింది. టికెట్ల దగ్గర మనుషులు తిరిగి చూశారు. నలభై ఏళ్ళు తరగతి గదిలో మోగిన గొంతు కాబట్టి బస్టాండు చివరి దాకా వినిపించి ఉంటుంది. ఏంజెల్ నా చెయ్యి పట్టుకుంది.

“వదిలెయ్యండి టీచరుగారూ. నాకు బస్సు టైమవుతోందండి.”

“నీకు కోపం లేదా?”

“ఉందండి. బస్సులో కోప్పడతానండి.” తండ్రి దానం పక్కన నిలబడి ఫ్లెక్సీ వైపు మసక కళ్ళతో చూస్తూ, “అది ఎవరి బొమ్మమ్మా?” అని అడిగాడు. “ఎవరో పెద్దాయన నాన్నా,” అని చెప్పి, అతడి భుజం ఒకసారి నొక్కి, సంచి తీసుకొని ఏంజెల్ బస్సెక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. ఆమె ఆ ఫ్లెక్సీ వైపు చూడలేదు. డ్రైవరు గేరు మార్చే చేతిని చూస్తోంది.

బస్సు రావులపాలెం రోడ్డు ఎక్కింది.

ఆమెకు కోపాన్ని బస్సులో మోసుకుపోయే వీలుంది. నాకు లేదు. నేను ఈ ఊళ్ళోనే ఉండాలి, ఈ బొమ్మ కిందనుంచే నడవాలి.

“నిచ్చెన తెప్పించు,” అన్నాను.

“ఇప్పుడెక్కడ దొరుకుతాదండి నిచ్చెన? ఆదివారం దాకా ఉంచుతానండి, చర్చికొచ్చేవాళ్ళు చూస్తారు, తరవాత నేనే తీయిస్తానండి. ఆయ్, నా మాట నమ్మండి.”

“నీ మాట నమ్మే ఒకసారి మా వరండాలో బల్ల వేశాను.”

పక్కనున్న టీ దుకాణంవాణ్ణి అడిగి ఒక కుర్చీ తెప్పించి, ఆ రెండు స్తంభాల మధ్య, దారికి అడ్డంగా వేయించుకొని కూర్చున్నాను. ఆటోలు హారన్లు కొట్టాయి. ఎవరో ఎవరినో అడుగుతున్నారు, టీచరుగారికి ఏమైందని. ఎబినేజర్ శాలువాను చంకలో పెట్టుకొని ఫోను తీశాడు. నిచ్చెన కోసమో, నా మీద ఎవరికైనా చెప్పుకోవడానికో తెలియదు.

రెండింటికీ నేను సిద్ధంగానే కూర్చున్నాను.